ఐదు రాత్రులు, ఆరు పగళ్ళు, అన్నీ కలిపి

విశాఖపట్నంలో ఉంటూ సముద్రం చూడ్డానికి డబ్బులు పెట్టి ఇంకో దేశం వెళ్ళడం ఏంటని మీరు అడుగుతారు, నాకు తెలుసు. మా పాలవాడు కూడా అదే అడిగాడు. ఎంవీపీ కాలనీలో మా ఫ్లాట్ నుంచి స్కూటర్ మీద కాసేపు వెళ్తే ఆర్కే బీచ్, ఇటు తిరిగి ఇంకాస్త వెళ్తే రుషికొండ. రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ కూడా వచ్చింది, అంటే నీళ్ళూ ఒడ్డూ శుభ్రంగా ఉన్నాయని బయటి దేశం వాళ్ళు పరీక్ష పెట్టి మరీ ఇచ్చే జెండా. ఇన్ని పక్కన పెట్టుకుని మాల్దీవులు ఎందుకయ్యా అంటే, ఇంటి పక్క సముద్రానికి వెళ్తే సెలవు మీద వెళ్ళినట్టుండదండీ. బజ్జీలు తిని, కాళ్ళు తడుపుకుని, వచ్చేటప్పుడు రైతు బజార్ దగ్గర ఆగి వంకాయలు కొంటాం. వంకాయల సంచీతో ఇంటికొచ్చేదాన్ని విహారయాత్ర అని ఎవరూ అనరు.

అసలు నిప్పు పెట్టింది హైదరాబాద్‌లో ఉండే మా తోడల్లుడు. మాల్దీవులు వెళ్ళొచ్చి ఫొటోలు పెట్టాడు. అందులో సముద్రం కంటే ఆయన చేతికున్న ప్లాస్టిక్ పట్టీయే ఎక్కువ కనబడుతోంది. ఏంటన్నయ్య గారూ అది, ఆస్పత్రిలో చేరారా అంటే, "ఆల్ ఇన్‌క్లూజివ్ తమ్ముడూ, ఈ బ్యాండ్ కట్టారంటే ఇక ఏం తిన్నా ఏం తాగినా ఒక్కడు డబ్బులడగడు" అన్నాడు. మా ఆవిడ ఆ ఫొటోని రెండు వేళ్ళతో సాగదీసి చూసి ఒక్కటే మాట అంది. "నాకు సముద్రం అక్కర్లేదు, చేపలక్కర్లేదు. ఐదు రోజులు నేను వంటింట్లోకి వెళ్ళకూడదు. చేతికి అది ఉంటే చాలు."

అడిగింది పెద్ద కోరికేం కాదు కదా అని ఆ రాత్రే వెతకడం మొదలెట్టాను. మూడు వారాలు వెతికాను. ఈ మూడు వారాల్లో తెలిసిందేంటంటే, "అన్నీ కలిపి" అని రాసిన చోట ఏవేవి కలపలేదో తెలుసుకోవడానికి డిగ్రీ ఉండాలి. ముందు కనబడే రేటు మనిషికి. అదీ గదిలో ఇద్దరుంటే. దాని పక్కన రెండు ప్లస్ గుర్తులుంటాయి, నేను అవి ఏవో అదనపు సౌకర్యాలనుకుని సంతోషించాను. ఒక ప్లస్ సర్వీస్ ఛార్జీ, మామూలుగా 10 శాతం. రెండో ప్లస్ వాళ్ళ జీఎస్టీ, 2025 జూలై నుంచి 17 శాతం. ఇవి కాక గ్రీన్ ట్యాక్స్ అని ఒకటి, 2025 నుంచి రిసార్టుల్లో మనిషికి రాత్రికి 12 డాలర్లు. మేం నలుగురం, ఐదు రాత్రులు, అంటే 240 డాలర్లు, ఇంకా ఒక్క కొబ్బరిచెట్టు చూడకముందే.

సరే, ఇవన్నీ కలుపుకున్నాం. అప్పుడు తెలిసింది, రిసార్టు ఒక దీవిలో ఉంటుంది, విమానం ఇంకో దీవిలో దిగుతుంది, మధ్యలో ఆటో వెళ్ళదు. దగ్గరైతే స్పీడ్ బోటు, దూరమైతే నీళ్ళ మీద వాలే చిన్న విమానం. ఆ చిన్న విమానం పగటిపూట మాత్రమే తిరుగుతుంది. నేను ఎంతో కష్టపడి పట్టిన చవక టికెట్టు బెంగళూరులో ఆరు గంటలు కూర్చోబెట్టి సూర్యాస్తమయానికి మాలేలో దింపుతుంది. కాబట్టి మొదటి రాత్రి మాలే పక్కన ఎక్కడో మన సొంత ఖర్చుతో పడుకుని, పొద్దున్నే లేచి, అప్పుడు "అన్నీ కలిపి"లోకి వెళ్ళాలి. టికెట్టులో మిగిలింది గదిలో పోయింది. అందుకే చవక, అని ద్వారకానగర్ ట్రావెల్స్ కుర్రాడు చాలా ప్రేమగా వివరించాడు.

ఆ కుర్రాడు మంచివాడు పాపం. నాకోసం ప్రపంచమంతా తిప్పాడు. థాయ్‌లాండ్ చూపించాడు, అక్కడ బయట తిండి చవక, అందుకని హోటళ్ళు ఎక్కువగా టిఫిన్ వరకే పెడతాయి, మధ్యాహ్నం మన తిప్పలు మనవి. శ్రీలంక చూపించాడు, కానీ మాకు కుదిరేది మే నెల, మేలో బెంటోటా వైపు వానలు మొదలవుతాయి, ఆ నెలల్లో వెళ్తే తూర్పున ట్రింకోమలీ వైపే వెళ్ళాలట, అటు నా డబ్బులకి దొరికినవాటిలో భోజనం లేదు, భోజనం ఉన్నవాటికి నా డబ్బులు చాలలేదు. ఈ పద్ధతిలో నడిచే రిసార్టులు డొమినికన్ రిపబ్లిక్‌లో పుంటా కానా అనే చోట వరసగా ఉన్నాయన్నాడు. అవునా కానా అని ఆలోచించేలోగా విమానం ఛార్జీ చెప్పాడు, కాదనే తేలిపోయింది. మాల్దీవులకి కూడా మేలో నైరుతి రుతుపవనాలే, అందుకే ఆ రేటు. "కానీ సార్, వార్మ్ వెదర్ మాత్రం గ్యారంటీ." మే నెలలో వైజాగ్‌లో, ఫ్యాన్ కింద కూర్చున్నా చొక్కా వీపుకి అంటుకుపోతున్న మనిషికి ఆ మాట చెప్పాడు.

ఇంకో చిక్కు. ఈ రేట్లలో పెద్ద ముక్క బార్‌ది. మా ఇంట్లో ఎక్కువగా తాగేది మజ్జిగ. "అన్‌లిమిటెడ్ డ్రింక్స్ సార్" అని అతను ఉత్సాహంగా అంటే, మజ్జిగ ఉంటుందా బాబూ అన్నాను. లైన్ కట్ అయిందేమోనని నేనే రెండుసార్లు హలో అన్నాను. తాగని వాడు ఆల్ ఇన్‌క్లూజివ్ కొనడమంటే గుండు వాడు దువ్వెన కొనడమే. అసలు ఈ పద్ధతికి దారి వేసింది 1950లో స్పెయిన్ దీవి మజోర్కాలో డేరాలేసి క్లబ్ మెడ్ మొదలెట్టిన ఒక బెల్జియం వాటర్‌పోలో ఆటగాడు. వాళ్ళ దగ్గర తిండీ ఆటలూ అన్నీ కలిపే, ఒక్క బార్‌లో తాగేదానికి మాత్రం మెడలో వేసుకున్న పూసలు తీసి ఇచ్చేవారట. అంటే తాగేవాడి పూసలే కరిగేవి, పక్కవాడి జేబు కాదు. ఎంత ధర్మంగా ఉంది చూడండి. దాన్ని కూడా కలిపేసి పాడుచేశారు.

చివరికి ఆ కుర్రాడే దారి చూపించాడు. రిసార్టు దీవి కాకుండా అక్కడి జనం ఉండే మాఫుషి లాంటి దీవిలో గెస్ట్‌హౌస్ తీసుకుంటే చాలా తక్కువలో అవుతుంది, మూడు పూటలా భోజనం పెట్టేవి ఉన్నాయి, ఆ దీవుల్లో మందు నిషేధం కాబట్టి మీరు తాగనిదానికి కట్టక్కర్లేదు అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆవిడ మాత్రం "అక్కడ చేతికి పట్టీ కడతారా?" అంది. కట్టకపోతే నేను కడతాను, ముందు బయల్దేరు అన్నాను. "మీకేం కావాలో ఒక్క మెసేజ్‌లో రాసి పంపండి సార్, రేటు తెప్పిస్తాను" అన్నాడు కుర్రాడు.

ఇక్కడ మీకో విషయం చెప్పాలి. నాలుగేళ్ళ కిందట మా చెల్లెలి పెళ్ళికి రెండు వైపుల చుట్టాలనీ కలిపి "పెళ్ళి పనులు" అని ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాం. పెళ్ళయింది, పిల్లాడు పుట్టాడు, వాడు బడికి వెళ్తున్నాడు, గ్రూపులోంచి మాత్రం ఒక్కరూ కదల్లేదు. దాని బొమ్మ రుషికొండలో తీసిన పెళ్ళి ఫొటో, సముద్రం, కొబ్బరిచెట్టు. ట్రావెల్స్ కుర్రాడి బొమ్మ కూడా సముద్రం, కొబ్బరిచెట్టు. రాత్రి పదకొండున్నర, కళ్ళజోడు టీవీ మీద ఉంది. నేను మంచం మీద ఉన్నాను.

రాసింది ఇది. "ఆల్ ఇన్‌క్లూజివ్. బీచ్ దగ్గరే. టిఫిన్, భోజనం, సాయంత్రం స్నాక్స్, రాత్రి డిన్నర్ అన్నీ కలిపి. ఎయిర్‌పోర్ట్ పికప్, డ్రాప్. సైట్ సీయింగ్ తప్పనిసరి. పిల్లలకి ఫ్రీ. మే రెండో వారం, ఐదు రాత్రులు. రేపటిలోగా కన్‌ఫర్మ్ చెయ్యగలరు."

ఆ "చెయ్యగలరు" అన్న మర్యాదే నా కొంప ముంచింది. కుర్రాడు కదా, "చెయ్యి" అని రాసుంటే ఎవడో పొరపాటున పంపాడని తెలిసేది.

పొద్దున్న లేచేసరికి ముప్ఫై ఎనిమిది మెసేజ్‌లు. బొబ్బిలి చిన్నాన్న, "చాలా సంతోషంరా నాయనా. మీ పిన్నీ నేనూ కన్‌ఫర్మ్." రాజమండ్రి మేనత్త, "ఎయిర్‌పోర్టు ఎందుకురా, నేను రైల్లో వస్తాను, స్టేషన్‌కే రా." మా అక్క, "పిల్లలకి ఫ్రీ అంటే ఎన్నేళ్ళ లోపు? మావాడు ఇంటర్." పెదనాన్న నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టాడు, ఆయన మోకాళ్ళ వల్ల రాలేడట, కానీ వీడి మనసు చిన్నప్పటి నుంచీ పెద్దదని నేను ఆనాడే చెప్పానా లేదా అని మిగతావాళ్ళని నిలదీశాడు. ఇక మా తోడల్లుడు, "థాంక్స్ తమ్ముడూ, నలుగురికీ టికెట్లు కొట్టేశాను, నాన్ రిఫండబుల్." అన్నిటికీ కింద కుర్రాడి దగ్గర నుంచి విడిగా ఒకటి. "సార్, మెసేజ్ పంపుతానన్నారు?"

చెరిపేద్దామని వేలు పెట్టేలోగా చిన్నాన్న దాన్ని స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్‌లో పెట్టేశాడు, పైన "అన్నయ్య కొడుకు" అని రాసి. ఫోన్ తీసుకెళ్ళి మా ఆవిడకి ఇచ్చాను. పై నుంచి కింద దాకా చదివింది. మళ్ళీ పైకి వెళ్ళి చదివింది. "పొరపాటున పోయిందని రాసేస్తాను" అన్నాను. "పిలిచాక రావద్దంటామా?" అంది, ఫోన్ నా చేతిలో పెట్టి. అంతకు మించి ఏమీ అనలేదు. అదే భయంగా ఉంది.

వచ్చారు. తొమ్మిది మంది. మేం నలుగురం, వెరసి పదమూడు, రెండు బెడ్రూముల ఫ్లాటు. ఇద్దరుండే గది లెక్కలు నేను మూడు వారాలు చదివాను గానీ హాల్లో ఆరుగుర్ని పడుకోబెట్టే లెక్క ఎవడూ రాయలేదు. తోడల్లుడు మాల్దీవులు చూసొచ్చిన మనిషి కదా, గుమ్మంలో అడుగుపెడుతూనే "అక్కడ వెల్‌కమ్ డ్రింక్ ఇస్తారు తమ్ముడూ" అన్నాడు. నిమ్మకాయ నీళ్ళిచ్చాను. సీ వ్యూ ఉందా అన్నాడు. డాబా ఎక్కించి, రెండు వాటర్ ట్యాంకుల మధ్య నుంచి మెడ ఎడమకి తిప్పితే అదిగో అని చూపించాను, సంతోషించాడు. ట్యాంకుల్లో నీళ్ళ సంగతి మాత్రం అడక్కండి. చిన్నాన్న స్నానానికి వెళ్తే ఒక పక్క సుప్రభాతం, రెండో పక్క మోటారు, రెండూ ఒకేసారి ముగిసేవి.

సైట్ సీయింగ్ తప్పనిసరి అని రాసింది నేనే కాబట్టి తప్పించుకోవడానికి లేదు. మొదటి రోజు ఆర్కే బీచ్‌లో మా అక్క కొడుకు ఈతకి దిగుతానని పేచీ పెడితే, అక్కడ లోపలికి లాగేస్తుందిరా, మనుషులు పోయారు అని చెప్పి, బోర్డు చూపించి, జొన్నపొత్తు కొనిచ్చి ఒడ్డుకి లాక్కొచ్చాను. పొత్తులు పదమూడు, ముంత మసాలాలు పదమూడు, గవ్వల దండలు ఏడు. అన్నీ కలిపే. జలాంతర్గామి చూపిస్తానని అందరినీ రెండు ఆటోల్లో కుక్కి కురుసుర దగ్గరికి తీసుకెళ్ళాను. సోమవారం. సోమవారం దానికి సెలవు, ఊళ్ళో పుట్టి పెరిగిన నాకు ఆ మాత్రం తెలీదా అని మేనత్త అక్కడే ఫుట్‌పాత్ మీద నిలబెట్టి అడిగింది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, 2002 నుంచి ఒడ్డున నిలబడి చుట్టాలకి లోపలంతా చూపిస్తోందది. దానికైనా వారానికో రోజు సెలవుంది.

మా ఆవిడ ఆ రెండు రోజులూ నవ్వుతూనే ఉంది. పొద్దున్న ఇడ్లీ, మధ్యాహ్నం పప్పూ పులుసూ, సాయంత్రం పకోడీ, రాత్రికి చపాతీ, మధ్యలో లెక్కలేనన్ని కాఫీలు. గ్యాస్ బండ రెండో రోజు రాత్రి అయిపోతే మార్చుకుంటూ కూడా నవ్వింది. తోడల్లుడు మూడు వాయిలు తిని, "చెప్పొద్దూ, అక్కడ బఫేలో నూట యాభై రకాలున్నాయి గానీ ఒక్కదానికీ ఈ రుచి లేదమ్మా" అని మెచ్చుకున్నాడు. నా వైపు చూసింది ఒకసారి. అంతే.

మూడో రోజు సింహాచలం. చందనోత్సవం అయిపోయింది కదా, రద్దీ ఉండదని చిన్నాన్న పట్టుబట్టాడు. కార్లలో చోటు చాలక నేను ఇంట్లో ఉండిపోయాను, నిజం చెప్పాలంటే హాయిగానే ఉంది, హాల్లో పరుపులు ఎత్తి, ఫ్యాన్ కింద కాళ్ళు చాపుకుని ట్రావెల్స్ కుర్రాడికి మెసేజ్ రాశాను, ఈసారి పేరు మూడుసార్లు చదివి. వచ్చే జనవరికి చూడు బాబూ, గాలీ వానా ఉండవు, ఇద్దరికి చాలు, అని.

ఒంటిగంటకి తిరిగొచ్చారు. అందరి చేతులకీ ఎర్ర దారాలు. చిన్నాన్నకి, పిన్నికి, మేనత్తకి, ఇంటర్ కుర్రాడికి, తోడల్లుడికైతే రెండు. అందరి తర్వాత మా ఆవిడ వచ్చింది. చెప్పులు విడిచి, హ్యాండ్‌బ్యాగ్ సోఫాలో పడేసి, సరిగ్గా ఫ్యాన్ కింద నేను లేచిన కుర్చీలో కూర్చుంది. కుడి చెయ్యి పైకెత్తి నాకు కనబడేలా ఇటూ అటూ తిప్పింది. ముంజేతికి ఎర్ర దారం, మూడు చుట్లు.

"కాఫీ" అంది.

నాకు అర్థం కాలేదనుకుని మళ్ళీ చెప్పింది. "మీరు రాసింది ఐదు రాత్రులు కదా. ఇంకా మూడున్నాయి. బ్యాండ్ ఉన్నవాళ్ళు వంటింట్లోకి వెళ్ళరు."

హాలంతా నిశ్శబ్దం. తోడల్లుడు తన చేతికున్న రెండు దారాలు చూసుకున్నాడు, నన్ను చూశాడు, గొంతు సర్దుకున్నాడు.

"నాది చక్కెర లేకుండా, తమ్ముడూ."