చెయ్యి ఊడిన స్త్రీమూర్తి

మొన్న నల్గొండలో ఓ ప్రదర్శనకు పోయొచ్చాను. ‘కళలో స్త్రీ’ అట. పేరు చూసి మోసపోయే వయసు కాదు నాది, కానీ ఆదివారం, పైగా ఇంట్లో కరెంటు లేదు.

వేదిక మీద పదకొండు కుర్చీలు, పదకొండింటిలోనూ పెద్దమనుషులు. అన్యాయంగా మాట్లాడకూడదు, వేదిక మీద ఆడపిల్ల కూడా ఉంది, కత్తెర పెట్టిన పళ్లెం పట్టుకుని. రిబ్బన్ కోయాల్సిన ముఖ్య అతిథి రావడం లేటయితే గంటంబావు అట్లనే నిలబడింది పాపం. ఈలోపు ఒకాయన స్త్రీ లేనిదే సృష్టి లేదన్నారు. రెండో ఆయనా అదే అన్నారు. మూడో ఆయన, ‘ఇంతకుముందు వక్తలు చెప్పినట్టు’ అని మొదలుపెట్టి మళ్లీ అదే అన్నారు. అమెరికాలో జూడీ చికాగో అనే కళాకారిణి, చరిత్ర పక్కన పెట్టేసిన 39 మంది స్త్రీలకు ముక్కోణపు బల్ల వేసి, ఒక్కొక్కరి పేరున ఒక్కో పళ్లెం పెట్టింది. 1979లో పూర్తయింది, ఇప్పుడు బ్రూక్లిన్ మ్యూజియంలో ఉంది. పళ్లెం విషయంలో మనవాళ్లూ ఏం తక్కువ తినలేదు.

లోపల గోడల నిండా చిత్రాలు. కుండ ఎత్తుకున్న స్త్రీ, కుండ దించుతున్న స్త్రీ, కుండ పక్కన కూర్చుని ఎవరికోసమో చూస్తున్న స్త్రీ. గీసినవాళ్లందరూ మగవాళ్లే. న్యూయార్క్‌లో గెరిల్లా గర్ల్స్ అని గొరిల్లా ముసుగులేసుకుని తిరిగే కళాకారిణుల గుంపొకటి ఉంది. 1989లో వాళ్లు మెట్రోపాలిటన్ మ్యూజియంలో లెక్క తీశారు. ఆధునిక కళ విభాగాల్లో స్త్రీ కళాకారులు 5 శాతం కూడా లేరు, నగ్నచిత్రాల్లో మాత్రం 85 శాతం ఆడవాళ్లే. మ్యూజియంలోకి రావాలంటే బట్టలిప్పాల్సిందేనా అని పోస్టర్ వేశారు. మాకా ఖర్మ లేదు, సంప్రదాయం తెలిసినవాళ్లం, పట్టుచీర కట్టించే గీస్తాం. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర్లు పోయిన జిల్లా ఇది. ఇన్ని కుండలు మోస్తున్నా ఈ చిత్రాల్లో ఒక్క ఆడదాని నడుమూ వంగలేదు. ఒంపు తిరిగింది, అంతే.

ఇంతకీ నన్ను పట్టుకుని వదలనిది మూలనున్న బొమ్మ. బట్టల దుకాణంలో చీర కట్టి నిలబెడతారే, ఆ బొమ్మ. తెల్లటి తెలుపు, ఎర్ర పెదాలు, పోచంపల్లి చీర. దాన్ని నూలు పోసే ఆసు ముందు కూర్చోబెట్టాలనుకున్నారు, కానీ దాని మోకాళ్లు వంగవు కదా, అందుకని గోడకు చేరేశారు. కుడిచెయ్యి ఊడి కింద పడి ఉంది. ఎడమచెయ్యి పైకి లేచి, వచ్చేపోయేవాళ్లకు టాటా చెప్తోంది. కింద చీటీ: ‘చేనేత మహిళ’. ఆ చీటీకి నాలుగింతల బోర్డు మీద, ఆసు ఇచ్చిన దాతల పేర్లు, హోదాలతో సహా.

ఆసంటే తెలియనివాళ్లకు చెప్తున్నా. చిటికీ కట్టే ముందు, అంటే రంగు అంటకుండా నూలుకు అక్కడక్కడా కట్లు కట్టే ముందు, ఆ నూలును అర్ధచంద్రంలా ఉన్న మేకుల చుట్టూ పోయాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. రోజుకు రెండు చీరలకు పోసేవాళ్లు. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే ఆయన, తన తల్లి భుజం నొప్పి చూడలేక ఏళ్ల తరబడి కొట్లాడి 1999లో యంత్రం చేశాడు, ఆమె పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో అతనికి పద్మశ్రీ వచ్చింది. కొడుకు పెట్టాడు గనక పేరు నిలిచింది. మిగతా తల్లుల భుజాలేమయ్యాయి? వేలమంది తల కిందికి చెయ్యి పెట్టుకుని పడుకోలేక తెల్లవార్లూ కూర్చుంటే, మీకు చూపించడానికి చెయ్యి లేని ప్లాస్టిక్ బొమ్మ దొరికిందా? సిగ్గుండాలి.

అన్నట్టు, నకిరేకల్ దగ్గర చందుపట్లలో ఓ శాసనం రాయి ఉంది, 1289 నాటిది. రుద్రమదేవి చనిపోయిందని మనకు తెలిసింది దాని వల్లే. శాసనాల్లో ఆమెను రుద్రదేవ మహారాజు అనేవాళ్లు. గద్దె మీద కూర్చోవాలంటే ఏం చేయాలో ఆమెకు అప్పుడే తెలుసు. పదకొండు కుర్చీల సంగతి మనకే ఇంకా ఎక్కలేదు.

ఆ మూలనే ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. నలభై ఏళ్లు ఆసు పోసిందట, ‘లైవ్ డెమో’ కోసం కారు పంపి తెచ్చారు. డెమోకు టైం చాలలేదు, ఉపన్యాసాలు అట్లా సాగాయి మరి. ఫొటోలప్పుడు ‘కొంచెం జరుగమ్మా, బొమ్మ కనబడతలేదు’ అన్నాడొకాయన. జరిగింది. బొమ్మను కాసేపు చూసి, ‘దీనికి నయమే బిడ్డా, చెయ్యి గుంజదు’ అంది నాతో. ఆమెది కుడి భుజం పైకి లేవడం లేదు, కొంగు కూడా ఎడమచేత్తోనే సర్దుకుంటోంది.

పేరడిగాను. చెప్పింది. బ్యాగులోంచి పెన్ను తీసి ‘చేనేత మహిళ’ అన్న చీటీ కింద రాస్తుంటే కాపలా కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు.

‘మేడం, మేడం, వస్తువులు ముట్టుకోవద్దు.’