పుట్టికి ఎన్ని కిలోలు?

నెల్లూరు జిల్లాలో ఏ రైతునడిగినా వడ్లు కొలిచే పుట్టి అంటే 850 కిలోలని టక్కున చెబుతాడు. మరి నీ వడ్లు పుట్టికి ఎంత తూకం వేసుకుపోయారయ్యా అని అడగండి, లెక్క మారిపోతుంది. తేమ ఉందని కొంత, తాలు ఉందని కొంత, గోతాం బరువని ఇంకొంత, మిల్లులో తరుగు పోతుందని మరికొంత ఎక్కువ తూసుకుంటారు. కోత మిషన్ వెళ్లిపోయి, వడ్లు రోడ్డు మీద ఆరబోసుకుని, పైన మబ్బు పట్టిందని టెన్షన్‌తో కూర్చున్న మనిషి ఏం బేరమాడతాడు? సరే, తీసుకుపోండి అంటాడు.

దీన్ని రైతుకు జరిగే మోసంగానే ఇన్నాళ్లూ అందరూ రాశారు, మేమూ అలాగే రాశాం. ఇందులో దెబ్బతినే మనిషి ఇంకొకరు ఉన్నారు. సరైన తూకంతో కొనాలనుకునే వ్యాపారి.

2025-26 సీజన్‌కు సాధారణ రకం వడ్లకు కేంద్రం ఇచ్చిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఆ లెక్కన 850 కిలోల పుట్టికి 20,136 రూపాయలు రావాలి. ఒక వ్యాపారి పుట్టి మీద 50 కిలోలు అదనంగా లాగాడనుకుందాం, వాడికి ఉత్తినే 1,184 రూపాయలు మిగిలాయి. అందులోంచి ఓ 300 తీసి రేటు పెంచి చెబితే చాలు, ఊరంతా వాడికే తోలుతుంది, ఎందుకంటే బేరం దగ్గర వినిపించేది రేటు ఒక్కటే, తూకం సంగతి లారీకి ఎత్తేటప్పుడు గానీ బయటపడదు. పక్కన నిజాయితీగా 850 కిలోలే తూస్తానన్న వ్యాపారి ఆ రేటు ఇవ్వలేడు, సరుకు దొరకదు, రెండు సీజన్లు చూసి తనూ అదే దారి పడతాడు, లేదంటే వ్యాపారం మానుకుంటాడు. అన్యాయ పోటీ అంటే ఇదే. విడవలూరులోనో బుచ్చిరెడ్డిపాళెంలోనో కళ్ళం గట్టున నిలబడితే అర్థమైపోతుంది, దీనికి పెద్ద లాయరు అక్కర్లేదు.

మన దేశంలో అన్యాయ పోటీ పేరుతో విడిగా ఒక చట్టం లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కొనేవాడికి అండ, ఇక్కడ రైతు అమ్మేవాడు. కాంపిటీషన్ చట్టం 2002 వ్యాపారులు కూడబలుక్కుని రేటు కట్టేస్తే శిక్షిస్తుంది, కార్టెల్ అని తేలితే లాభానికి మూడు రెట్ల దాకా జరిమానా వేయొచ్చు, కానీ ఆ కేసులు చూసే కాంపిటీషన్ కమిషన్ ఉండేది ఢిల్లీలో. ఇందుకూరుపేట రైతు రెండు ఎకరాల వడ్ల కోసం అంత దూరం పోతాడా?

అయితే దగ్గర్లోనే ఒక చట్టం ఉంది, మా కోపమంతా దాన్ని వాడకపోవడం మీదే. తూనికలు కొలతల చట్టం 2009లో సెక్షన్ 30 తక్కువ తూచి అమ్మేవాడితో ఆగలేదు, ఒప్పుకున్నదానికంటే మోసంతో ఎక్కువ తూయించుకునే కొనుగోలుదారుణ్ణి కూడా నేరస్తుడే అంటుంది. సెక్షన్ 11 ఇంకా సూటిగా ఉంది: ప్రామాణిక కొలతల్లో తప్ప వేరే కొలతలో ధర చెప్పకూడదు. పుట్టి రేటు అని రోజూ చెప్పుకుంటున్నామే, సాగే రబ్బరులాంటి ఆ పుట్టికి ధర కట్టడమే ఈ మోసానికి తలుపు తీసి పెడుతోంది. మాటల్లో పుట్టి ఉండనివ్వండి, అది మన తాతల మాట. బేరం మాత్రం కిలోల్లో జరగాలి.

పక్కనే ప్రకాశంలో పొగాకు చూడండి. అక్కడి రైతుకు కష్టాలు లేవని కాదు, రేటు పడిపోయిన ఏడాది వేలం కేంద్రాల దగ్గర గొడవలు మేమే రాశాం. కానీ బేళ్లు తూచేది పొగాకు బోర్డు కాటా మీద, ధర పలికేది కిలోకు. కొనేవాడే కాటా తెచ్చుకుని, తనే తూచుకుని, తనే చీటీ రాసుకునే పద్ధతి అక్కడ లేదు. వడ్లకు ఎందుకుండాలి?

ఎడగారు (రెండో పంట) కోతలు మొదలయ్యేలోపు జిల్లా అధికారులు మూడు పనులు చేయాలి. ప్రతి పంచాయతీ ఆఫీసు గోడ మీద కిలో ధర రాయించాలి. తేమ కొలిచే మిషన్, ముద్ర వేసిన కాటా రైతు సేవా కేంద్రంలో ఎవరడిగినా వాడుకునేలా పెట్టాలి, ప్రైవేటుగా అమ్ముకునేవాళ్లకు కూడా. ఇక తూనికల శాఖ ఇన్‌స్పెక్టర్లు నెల్లూరు బజారులో కిరాణా కొట్ల తరాజులు చూసింది చాలు, కోతలున్న ఆ కొన్ని వారాలైనా లారీ ఎత్తే చోటికి, ఎత్తే వేళకు రావాలి. సరైన తూకం వేసే వ్యాపారులు కూడా ఫిర్యాదు ఇవ్వడానికి ముందుకు రండి, మీ పేరు బయటపెట్టకుండా ఆ వివరాలు మేం అచ్చు వేస్తాం.