బొబ్బిలికి బొంజూర్

మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇంగ్లీషు పనైపోయింది. పాపం, దాని తప్పేమీ లేదు. మరీ అందరి నోళ్లలో పడిపోయింది. ఆటో అతని కొడుకూ 'మే ఐ కమిన్' అంటున్నాడు, కూరగాయల ఆవిడ కూతురూ అంటోంది. అంతకన్నా ప్రమాదం, తల్లిదండ్రులకి కూడా కొంచెం కొంచెం అర్థమైపోతోంది. డైరీలో టీచరు రాసిన స్పెల్లింగు తప్పని నిలదీసే తండ్రులు తయారయ్యారు. ఇంట్లోవాళ్లకి అర్థమయ్యే చదువుకి అంతంత ఫీజులు ఎవరు కడతారండీ?

కాబట్టి ఒకటో తరగతి నుంచే ఫ్రెంచి పెట్టాలని ప్రతిపాదిస్తున్నాను. ప్రభుత్వాలు మాత్రం ఊరికే కూర్చున్నాయా? 2023లో మూడో తరగతి పిల్లలకే టోఫెల్ అనే అమెరికా ఇంగ్లీషు పరీక్ష అన్నారు. 2024 జనవరిలో ఐబీ (ఇంటర్నేషనల్ బాకలోరియట్) అనే విదేశీ సిలబస్ వాళ్లతో ఒప్పందం రాసుకున్నారు. ప్రభుత్వం మారాక ఆ ఊసు తగ్గిపోయింది గానీ, దారి మాత్రం పడింది.

ఫ్రెంచి మనకి పరాయిది అనేవాళ్లు ఒకసారి చరిత్ర తిరగెయ్యాలి. 1753లోనే చికాకోల్‌తో (అంటే మన శ్రీకాకుళంతో) సహా ఉత్తర సర్కారులనే కోస్తా సీమలు ఫ్రెంచివాళ్ల చేతికి వెళ్లాయి. 1757 జనవరిలో విజయనగరం పూసపాటి విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకుని బొబ్బిలి కోట మీదకి వెళ్లాడు. మధ్యలో ఉన్న బుస్సీ దివాను హైదర్ జంగ్ అటు మాట ఇటూ, ఇటు మాట అటూ మార్చి చెప్పబట్టే యుద్ధం ముదిరిందని మనవైపు కథలు చెప్పుకుంటారు. అంటే లోపం ఎక్కడుంది? కోటలో ఒక్క ఐదో తరగతి కుర్రాడికి ఫ్రెంచి వచ్చి ఉంటే మధ్యవర్తితో పనే లేదు. వాడు బురుజెక్కి 'కొమాఁ తలే వూ' అని బుస్సీని కుశలమడిగేవాడు. తాండ్ర పాపారాయుడికి రాత్రిపూట గుడారంలో దూరి విజయరామరాజుని పొడిచే శ్రమ తప్పేది. మరుసటేడే విజయనగరం వారు పార్టీ మార్చి ఇంగ్లీషువాళ్ల పక్కన చేరారు, 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. లేకపోతే ఇవాళ మన కాన్వెంట్లలో తెలుగు మాట్లాడిన పిల్లలకి ఫైను ఫ్రెంచిలోనే పడేది.

భాష కూడా బలే ఉంటుంది. ఈ, ఏ, యూ, ఎక్స్ అని నాలుగక్షరాలు రాసి, 'ఓ' అని ఊరుకోవాలి. 'మనకి ఒక్క అక్షరంతో అయిపోద్ది కదా సార్' అని ఎవడైనా అడిగితే వాడికి ఐక్యూ తక్కువని రాసెయ్యొచ్చు. కొన్ని అచ్చులైతే ముక్కులోంచి రావాలి. వాడుకభాష వచ్చాక అటకెక్కిన అరసున్న ఈ దెబ్బతో కిందికి దిగుతుంది, గ్రాంథికవాదుల ఆత్మలు శాంతిస్తాయి.

లెక్కలు ఇంకా ముచ్చట. ఫ్రెంచిలో ఎనభై అంటే నాలుగు ఇరవైలు. తొంభై తొమ్మిది అంటే నాలుగు ఇరవైలూ పదీ తొమ్మిదీ. మన ఏజెన్సీ సవర గిరిజనులదీ ఇరవైల లెక్కే. అయితే సవర పిల్లాడు నాలుగు ఇరవైలంటే వాడికి లెక్కలు రానట్టు. అదే మాట ప్యారిస్ నుంచి వస్తే ఎక్స్‌ట్రా ఫీజు.

గిడుగు రామ్మూర్తి గారు బోల్తా పడింది ఇక్కడే. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ ఆయనే సవర నేర్చుకున్నారు. సవర పిల్లలకి బళ్లు పెట్టారు, వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు. పిల్లల భాషని మాస్టారు నేర్చుకోవడం ఎంత తలకిందుల పద్ధతో చూడండి! ఏటా తెలుగు భాషా దినోత్సవమని ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండేసి, 30న 'ఏటి సార్, రేపు బడుందేటి?' అన్నవాణ్ణి బెంచీ ఎక్కించి ఆ లోటు కొంత పూడ్చుకుంటున్నాం.

ఇంగ్లండ్ సంగతి కూడా చెప్పాలి. 1964 నుంచి అక్కడ ఎనిమిదేళ్ల పిల్లలకి ఫ్రెంచి చెప్పి, పదేళ్లు వాళ్ల వెంటబడి చూశారు. అంత చిన్నప్పుడు మొదలుపెట్టినందుకు పెద్దగా ఒరిగిందేమీ లేదని 1974లో నివేదిక తేల్చింది. అయినా 2014 నుంచి ఏడేళ్లు నిండిన పిల్లలకి ప్రభుత్వ బళ్లలో ఒక విదేశీ భాష తప్పనిసరి చేశారు, ఎక్కువచోట్ల అది ఫ్రెంచే. నివేదికలతో ఎలా మసులుకోవాలో వాళ్లకి ఎవరో మనవాళ్లే నేర్పి ఉంటారు.

ఇచ్ఛాపురం సంతలో తెలుగూ ఒడియా కలిపి బేరమాడేవాళ్లున్నారు కదా, వెరావల్ బోట్ల మీదకి వెళ్లొచ్చిన మన మత్స్యకారులు గుజరాతీ మాట్లాడతారు కదా అని కొందరు అడ్డం తగులుతారు. వాటికి యూనిఫాం ఉందా? కిట్ ఉందా?

ఒక్కసారి వార్షికోత్సవం ఊహించుకోండి. స్టేజీ మీద ఒకటో తరగతి గుంటడు. నెత్తిన అట్టముక్కతో చేసిన టోపీ, పెదవి మీద కాటుకతో గీసిన మీసం. చెమటకి అది గడ్డం దాకా కారిపోయింది. మైకు వాడి నుదుటి దగ్గరుంది. రెండు నిమిషాల పాటు ఏదో అప్పజెప్పి, చివర్లో 'మెర్సీ' అన్నాడు. ముందు వరసలో వాళ్ల నాయనమ్మ కళ్లొత్తుకుంటోంది. 'ఓలమ్మా, ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు! మా గుంటడు ఎంత సదివేస్తన్నాడో!' ఏ యాజమాన్యానికైనా ఇంతకంటే ఏం కావాలి?

టీచర్ల గురించి టెన్షన్ వద్దు. సైన్సు చెప్పే మేడమ్‌కే ఫ్రెంచి కూడా ఇచ్చేస్తారు. రాత్రి పిల్లలకంటే ఒక పాఠం ముందు ఆవిడ ఫోన్లో నేర్చుకుంటుంది, పొద్దున్న అదే చెబుతుంది. జీతం పెంచక్కర్లేదు, ఐడీ కార్డు మీద 'మదామ్' అని వేస్తే చాలు. అటు ఏకోపాధ్యాయ బడిలో మాస్టారైతే ఐదు తరగతులూ చూసుకుని, మధ్యాహ్న భోజనం లెక్క రాశాక మిగిలిన టైములో ఫ్రెంచి చెబుతారు.

ఇక తనిఖీ అంటారా, వచ్చిన ఆఫీసరు గారు 'ఏదీ, ఒక ముక్క చెప్పు బాబూ' అంటారు. బాబు ఏదో చెబుతాడు. ఆఫీసరు గారు మేడమ్ వైపు చూస్తారు, మేడమ్ తలూపుతుంది, ఆయనా తలూపి రిజిస్టరులో 'వెరీ గుడ్' అని రాస్తారు. ఇంగ్లీషులోనే రాస్తారు లెండి, పాతకాలం మనిషి.