ఎనభై మీటర్ల సరిహద్దు

పర్లాకిమిడిలో తెలుగువాళ్ళ ఇంట ఏ పని చెడినా ముద్దాయి ఒక్కటే: 1936. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు పుట్టింది. మేమిటు వచ్చాం, పక్కనే ఉన్న తెలుగు ఊరు పాతపట్నం అటు ఉండిపోయింది. అప్పట్నుంచీ అన్నం మాడినా, అల్లుడు అలిగినా తప్పు సరిహద్దుదే. అందుచేత మా టీవీ మీద "నో సిగ్నల్" అని పడగానే పెదనాన్న కళ్ళజోడు తుడుచుకుని తీర్పు చెప్పేశారు: "ఒడిశాలోకి తెలుగు సిగ్నల్ రానివ్వర్రా."

ఎవరు రానివ్వరు, ఎక్కడ ఆపుతారు అని పెద్దల్ని అడగడం మర్యాద కాదు. మా ఫ్రీ డిష్‌కి (దూరదర్శన్ వారి ఉచిత డిష్ ప్రసారాలు) ఛానళ్లు పంపే జీశాట్-15 ఉపగ్రహం భూమధ్యరేఖ మీద, 93.5 డిగ్రీల తూర్పున, సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కణ్ణుంచి చూస్తే పాతపట్నానికీ మాకూ మధ్య చెక్‌పోస్టు కనబడదు. తరంగం అంత దూరమూ క్షేమంగా వచ్చి మా పొలంలో మోటారు షెడ్డు మీది డిష్‌లో వాలుతుంది. ప్రాణం పోయేది ఆ తర్వాతే, షెడ్డుకీ ఇంటికీ మధ్యనున్న 80 మీటర్లలో.

డిష్ ఇంటి మీదే పెట్టొచ్చు కదా అంటారా? పెంకుల మీదికి చింతచెట్టు ఒరిగి ఉంది. డిష్ చూడాల్సింది దక్షిణానికి కాస్త తూర్పుగా, 65 డిగ్రీల ఎత్తుకి. సరిగ్గా అక్కడే కొమ్మలు. చెట్టేమో పంపకాల్లో చిన్నాన్న వాటాకి పోయింది. చిన్నాన్నతో మాట్లాడటం కంటే 80 మీటర్ల కేబుల్ లాగడమే చవకని ఇంట్లో తీర్మానమైంది.

ఆ కేబుల్ దడి ఎక్కి, పక్కింటి పెద్దమ్మ దొడ్డిలో దండెంగా కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, మందారం చెట్టు దగ్గర అతుకు వేయించుకుని ఇల్లు చేరుతుంది. "వైరు కిందికి వేలాడుతోందిరా, చీరలు మట్టి అవుతున్నాయి" అని ఫిర్యాదు చేసింది కూడా పెద్దమ్మే.

నాలుగు నెలలు సరిహద్దుని తిట్టాక మెకానిక్కుని పిలిచాం. ఒడియా కుర్రాడు. మందారం దగ్గర నల్ల టేపు విప్పితే లోపల పచ్చటి చిలుము, దాని చుట్టూ చీమల గుడ్లు. తర్వాత పాత స్పీకరులోని అయస్కాంతం తీసి కేబుల్ మధ్య తీగకి ఆనించాడు. టక్కున అంటుకుంది. "మౌసా, ఇది రాగి కాదు. ఇనుముకి రాగి పూత."

పూత తీగలో సిగ్నల్‌కి పెద్ద ఇబ్బంది లేదట, అది పైపొరనే పట్టుకుని వస్తుంది. ఇబ్బందల్లా కరెంటుకి. అదే కేబుల్లో బాక్సు నుంచి డిష్ ముందుండి తరంగాన్ని పట్టే ఎల్‌ఎన్‌బీ అనే డబ్బాకి 13 వోల్టులో 18 వోల్టులో వెళ్ళాలి. 13 అందితే అది నిలువు తరంగాలు పడుతుంది, 18 అందితే అడ్డం తరంగాలు. మాది బయల్దేరేటప్పుడు 18, చేరేసరికి నీరసించి 13కి దగ్గర పడుతోంది. డిపో బియ్యం తూకంలాగా. ఎల్‌ఎన్‌బీ పాపం అందినదాన్ని బట్టి నడుచుకుంటోంది, ఆ ఛానళ్లు మాయం.

దారిలో సిగ్నల్ ఖర్చు వేరే. మామూలు ఆర్‌జీ-6 కేబుల్ 100 మీటర్లకి, పై ఫ్రీక్వెన్సీల్లో, 30 డెసిబెల్స్ దాకా మింగుతుంది. అంటే మిగిలేది వెయ్యోవంతు. బలం పెంచే యాంప్లిఫయర్ టీవీ పక్కన, తన చేతికందేలా పెట్టమన్నారు పెదనాన్న. కుర్రాడు ఒప్పుకోలేదు. సిగ్నల్ నీరసించాక పెంచితే రొదా కూడా పెరుగుతుందని చెప్పి డిష్ దగ్గరే బిగించాడు. లావాటి ఆర్‌జీ-11, అచ్చ రాగి తీగది, అతుకు లేకుండా ఒకే ముక్కగా లాగాడు. వాన నీరు కారిపోయేలా గోడ దగ్గర కొంచెం కిందికి వేలాడదీసి మరీ లోపలికి తెచ్చాడు. బొమ్మ అద్దంలా వచ్చింది. ఒడిశాలోనే.

మొన్న చిన్నాన్న కబురంపాడు. ఈ రాష్ట్రంలో తెలుగు సిగ్నల్ అందక చాలా కష్టంగా ఉందట, మాకు వస్తోంది గనక తన ఇంటిక్కూడా ఓ వైరు లాగమని. చింతచెట్టు ఊసు లేదు. పెదనాన్న వెంటనే టేపు తెప్పించి కొలిపించారు. ఇంకో 40 మీటర్లు.