ఫిర్యాదు చేసిన డాక్టర్ మీదే ఫైలు తెరుచుకుంటే

బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ హాస్పిటల్ హార్వర్డ్ మెడికల్ స్కూల్‌కి ముఖ్యమైన బోధనాసుపత్రి. భారతీయ మూలాలున్న న్యూరోసర్జన్ డాక్టర్ సగున్ తులి 2002లో అక్కడ చేరారు. విభాగంలో ఆపరేషన్ల తర్వాత వచ్చే కాంప్లికేషన్లను సమీక్షించే బాధ్యత కూడా ఆమెకి అప్పగించారు. ఆమె సమీక్షకి వచ్చిన కేసుల్లో తర్వాత విభాగాధిపతి అయిన సీనియర్ సర్జన్‌వీ ఉన్నాయి. ట్రైనింగ్ పూర్తిచేసుకున్నవాళ్ల కోసం ఇచ్చిన విందులో టేబుల్ ఎక్కి డాన్స్ చేయమని ఆయన తనతో అన్నారని, ఆడపిల్లవి, వెన్నెముక ఆపరేషన్ నీవల్ల అవుతుందా అన్నట్టు మాట్లాడేవారని ఆమె కోర్టులో చెప్పారు. ఆమె పైవాళ్లకి ఫిర్యాదు చేశారు.

2007లో ఆమె ప్రివిలేజెస్ రెన్యువల్‌కి వచ్చాయి. ప్రివిలేజెస్ అంటే ఆ ఆసుపత్రిలో ఆపరేషన్ చేయడానికి ఇచ్చే అనుమతి. ఆ అనుమతిని తేల్చే క్రెడెన్షియల్స్ కమిటీ ముందు ఆమె ఫైలును పెట్టింది ఎవరు? ఆమె ఎవరి మీద ఫిర్యాదు చేశారో ఆ విభాగాధిపతే. ఆమె ప్రవర్తన బాగాలేదని, డాక్టర్ల మానసిక, ప్రవర్తన సమస్యలు చూసే బయటి సంస్థ దగ్గర పరీక్ష చేయించుకుంటేనే రెన్యువల్ అని కమిటీ షరతు పెట్టింది. ఆమె కోర్టుకెళ్లారు. జడ్జి నాన్సీ గెర్ట్‌నర్ ఆ షరతు అమలు కాకుండా ఇంజంక్షన్ (నిలుపుదల ఉత్తర్వు) ఇచ్చారు. 2009లో జ్యూరీ ఆమెకి దాదాపు 16 లక్షల డాలర్ల పరిహారం ప్రకటించింది. అందులో 10 లక్షలు వివక్షతో నిండిన పని వాతావరణానికి, 6 లక్షలు కక్షసాధింపుకి. 2011లో ఫెడరల్ అప్పీల్ కోర్టు ఆ తీర్పును సమర్థించింది.

ఈ కేసు గురించి మాట్లాడేటప్పుడు అందరూ డాన్స్ మాట దగ్గర ఆగిపోతారు. నా దృష్టిలో అంతకన్నా భయపెట్టేది ఆ కమిటీ సమావేశం. నోటి దురుసుని నలుగురూ చూస్తారు, సాక్షులు దొరుకుతారు. కానీ పేషెంట్ల భద్రత కోసం పెట్టుకున్న ఒక నిజమైన, అవసరమైన వ్యవస్థే ఫిర్యాదు చేసిన మనిషి మీదకి తిరిగితే? బయటివాళ్లకి అది శిక్షలా కనిపించదు, జాగ్రత్తలా కనిపిస్తుంది.

మిగతా ఉద్యోగాలకీ వైద్య విద్యాసంస్థలకీ తేడా ఇక్కడే ఉంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజర్ పడకపోతే మరో కంపెనీ చూసుకోవచ్చు. బోధనాసుపత్రిలో డాక్టర్‌కి ఆపరేషన్ థియేటర్ టైమ్, రిసెర్చ్ గ్రాంట్, ప్రొఫెసర్ ప్రమోషన్, సిఫారసు ఉత్తరం, ప్రివిలేజెస్ అన్నీ ఒకే గది నుంచి వస్తాయి. దానికి తోడు 1986లో అమెరికా తెచ్చిన చట్టం ఒకటుంది. డాక్టర్లు తోటి డాక్టర్ పనిని సమీక్షించే కమిటీలకి అది దావాల నుంచి రక్షణ ఇస్తుంది. ప్రవర్తన లేదా నైపుణ్యం పేరుతో ఎవరి ప్రివిలేజెస్ అయినా 30 రోజులకి మించి ఆపితే ఆ సంగతి జాతీయ డేటా బ్యాంకులో నమోదవుతుంది. తర్వాత ఏ ఆసుపత్రికి వెళ్లినా అక్కడివాళ్లు ముందు చూసేది ఆ రికార్డునే. పనికిరాని డాక్టర్లు ఊళ్లు మారి తప్పించుకోకుండా ఉండాలన్నది దాని ఉద్దేశం, మంచి ఉద్దేశమే. కానీ కక్ష కట్టిన విభాగాధిపతి (హెచ్‌ఓడీ) చేతిలో అది జీవితకాలపు మచ్చ అవుతుంది.

సమస్య చిన్నదేమీ కాదు. అమెరికా ప్రభుత్వ పరిశోధక గ్రాంట్లు అందుకున్న వైద్య అధ్యాపకులని డాక్టర్ రేష్మా జగ్సీ బృందం సర్వే చేసి 2016లో జామా అనే వైద్య పత్రికలో ప్రచురించింది. కెరీర్‌లో లైంగిక వేధింపులు ఎదురయ్యాయని చెప్పిన మహిళలు 30 శాతం, పురుషులు 4 శాతం. 2018 నాటికి అమెరికా మెడికల్ స్కూళ్లలో విభాగాధిపతుల్లో మహిళలు 18 శాతమే. అంటే ఫిర్యాదు తీసుకెళ్లాల్సిన గదిలో, చాలాసార్లు, కూర్చున్నది మగవాళ్లే.

విభాగాధిపతి పదవి అందుకున్నా రక్షణ దొరుకుతుందన్న భరోసా లేదు. హార్వర్డ్‌కే అనుబంధంగా ఉన్న బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ మెడికల్ సెంటర్‌లో అనస్తీషియా విభాగాన్ని నడిపిన డాక్టర్ కరోల్ వార్‌ఫీల్డ్, సర్జరీ విభాగాధిపతి తనని మహిళ అన్న కారణంతో చిన్నచూపు చూశారని, ఫిర్యాదు చేసినందుకు పదవి పోయిందని 2008లో దావా వేశారు. ఉద్యోగ ఒప్పందంలో, గొడవలని మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్న క్లాజు ఉంది కాబట్టి కోర్టుకి రాకూడదని ఆసుపత్రి వాదించింది. వివక్ష ఫిర్యాదులకి కూడా అది వర్తిస్తుందని ఒప్పందంలో స్పష్టంగా రాసి ఉండాల్సిందేనని 2009లో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. దావా వేసిన ఐదేళ్లకి, 2013లో, ఆసుపత్రి తప్పు ఒప్పుకోకుండానే 70 లక్షల డాలర్లకి రాజీపడింది. పెయిన్ క్లినిక్‌కి ఆమె పేరు కూడా పెట్టింది. కానీ ఐదేళ్లు లాయర్లతో పోరాడగల స్తోమత ఎంతమందికి ఉంటుంది?

అదే 2013లో అమెరికా సుప్రీంకోర్టు ఈ పోరాటాన్ని ఇంకా కష్టం చేసింది. యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ సౌత్‌వెస్టర్న్ మెడికల్ సెంటర్ మీద డాక్టర్ నాసర్ వేసిన కేసు అది. ఆయన మధ్యప్రాచ్య మూలాలున్న పురుష డాక్టర్, వివక్ష ఆరోపణ జాతి, మతం గురించి. అయినా తీర్పు స్త్రీపురుష వివక్ష మీద ఫిర్యాదు చేసి కక్షసాధింపుకి గురైనవాళ్ల కేసులకీ వర్తిస్తుంది. యూనివర్సిటీలో వేధింపుల వల్లే వెళ్లిపోతున్నానని ఆయన రాజీనామాలో రాశారు. అనుబంధ ఆసుపత్రిలో నేరుగా ఉద్యోగం చూసుకున్నారు. ఆ ఉద్యోగం రాకుండా యూనివర్సిటీ పెద్ద ఒకరు అడ్డుపడ్డారు. ఆసుపత్రి డాక్టర్ పోస్టులు మా అధ్యాపకులకే ఇవ్వాలన్న ఒప్పందం ఉందన్నది ఆ పెద్ద చెప్పిన కారణం. సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో పెట్టిన షరతు ఇది: ఫిర్యాదు చేయడం అనేది లేకపోతే ఈ నష్టం జరిగేదే కాదని బాధితుడు నిరూపించాలి. వివక్ష కేసులో అయితే వివక్ష కూడా ఒక కారణమని చూపిస్తే చాలు. కక్షసాధింపు కేసులో అది చాలదు.

ఇది ఆసుపత్రిలో ఎలా పనిచేస్తుందో ఆలోచించండి. వందల కేసులు చూసిన ఏ డాక్టర్ ఫైల్లో అయినా ఒక ఆలస్యం, ఒక నర్సుతో గొడవ, రాయడం మర్చిపోయిన ఒక నోట్ దొరక్కుండా పోదు. వెతికినవాడికి కారణం ఎప్పుడూ దొరుకుతుంది. ఆ కారణం ఒక్కటి ఉంటే చాలు, ఫిర్యాదు వల్లే ఇదంతా అని నిరూపించడం దాదాపు అసాధ్యం. జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ తన అసమ్మతి తీర్పులో ఈ తప్పును కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సరిదిద్దాలని కోరారు. ఇంతవరకూ సరిదిద్దలేదు. ఫెడరల్ చట్టం కింద మానసిక వేదనకి, శిక్షగా వేసే మొత్తానికి కలిపి ఇచ్చే పరిహారం ఎంత పెద్ద సంస్థయినా 3 లక్షల డాలర్లు దాటకూడదన్న 1991 నాటి పరిమితి కూడా అలాగే ఉంది. నాసర్‌కి జ్యూరీ ఇచ్చిన 30 లక్షలకి పైగా పరిహారాన్ని ఆ పరిమితి వల్లే 3 లక్షలకి కుదించారు.

తెలుగు రాష్ట్రాల నుంచి అమెరికా వెళ్లి రెసిడెన్సీ (ఆసుపత్రిలో స్పెషలిస్ట్ ట్రైనింగ్) చేస్తున్నవాళ్లకి ఇంకో ముడి ఉంది. జే-1 వీసా మీద ఉన్నవాళ్లకి ప్రోగ్రామ్ పోతే వీసా హోదా పోతుంది. హెచ్-1బీ వీసా మీద ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి గరిష్ఠంగా 60 రోజులు. ప్రోగ్రామ్ డైరెక్టర్ కళ్లెర్రజేస్తే టెన్షన్ ఆ ఒక్క ఉద్యోగం గురించే కాదు, మొత్తం జీవితం గురించి. అలాంటివాళ్లు ఫిర్యాదు చేయలేదంటే అక్కడ సమస్య లేదని అర్థం చేసుకోవడం అన్యాయం.

ఆసుపత్రుల వాదనలో న్యాయం లేదని నేను అనను. నర్సుల మీద అరిచే, థియేటర్‌లో పరికరాలు విసిరే డాక్టర్ల వల్ల పేషెంట్లకి ప్రమాదమే. వాళ్లని ఆపాలి. కానీ ఫిర్యాదు పెండింగ్‌లో ఉన్నంతకాలం, ఫిర్యాదు ఎవరి మీదో ఆ మనిషి ఫిర్యాదుదారు ఫైలును ముట్టుకోకూడదు. సమీక్ష అవసరమైతే బయటి సంస్థ నుంచి వచ్చినవాళ్లు చేయాలి. దీనివల్ల పేషెంట్లకి ఏ నష్టమూ లేదు.

ఈ ఒక్క విషయంలో మన చట్టం మెరుగ్గా ఆలోచించింది. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 కింద వచ్చిన నిబంధనల్లో 8వది ప్రకారం, ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి ఫిర్యాదు చేసిన మహిళ పనితీరు మీద రిపోర్టు రాయకుండా, విద్యాసంస్థ అయితే ఆమె చదువును పర్యవేక్షించకుండా ఆపమని సంస్థలో ఈ ఫిర్యాదులు విచారించే ఇంటర్నల్ కమిటీ సిఫారసు చేయొచ్చు. పీజీ చేసే అమ్మాయికి థీసిస్ మీద గైడ్ సంతకం, లాగ్‌బుక్ మీద హెచ్‌ఓడీ సంతకం ఎంత ముఖ్యమో వైద్య కళాశాలల్లో చదివినవాళ్లకి చెప్పనక్కర్లేదు.

లోపాలూ ఉన్నాయి. ఈ చట్టం లైంగిక వేధింపులకే పరిమితం. మహిళ అన్న కారణంతో థియేటర్ కేసులు ఇవ్వకపోవడం, ప్రమోషన్ ఆపడం మాత్రమే జరిగితే దీని కింద చోటు లేదు. కక్షసాధింపుని విడిగా తప్పుగా చెప్పే సెక్షన్ లేదు. 2020లో పంజాబ్ అండ్ సింధ్ బ్యాంకు కేసులో, ఫిర్యాదు చేసిన మహిళా అధికారి బదిలీని చెల్లదని చెప్పడానికి విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. అన్నిటికన్నా ముఖ్యంగా, 8వ నిబంధన కింద రక్షణ దానంతటదే రాదు, రాతపూర్వకంగా అడగాలి. ఘటన జరిగిన 3 నెలల్లోపు కమిటీకి ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణముంటే కమిటీ మరో 3 నెలలు పొడిగించొచ్చు. ఆ కాగితంలోనే, మొదటి రోజే, నా గైడ్‌ని మార్చండి, నా మార్కులు, రిపోర్టులు ఆయన చేతి నుంచి తీసేయండి అని కూడా రాసి, అందినట్టు సంతకం తీసుకోవాలి.