అమెరికా సాహిత్యం ఎక్కడ మొదలైంది? రవికీ సుధక్కకీ వాదన

రవి: అక్కా, 1820లో ఇంగ్లండు రచయిత సిడ్నీ స్మిత్ ఎడిన్‌బరో రివ్యూ పత్రికలో, అసలు ఈ ప్రపంచంలో అమెరికా పుస్తకం ఎవరు చదువుతారని ఎద్దేవా చేశాడు కదా. దానికి అసలైన జవాబు అమెరికా రచయిత ఎమర్సన్ చెప్పాడు. 1837 ఆగస్టు 31న, హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్ల ముందు, యూరప్ దర్బారు కవిత్వం ఇన్నాళ్లూ విన్నది చాలన్నాడు. ఆ తర్వాత చూడు, 1850లో స్కార్లెట్ లెటర్, 51లో మెల్విల్ నవల మోబీ డిక్, 54లో వాల్డెన్, 55లో విట్మన్ కవితలు లీవ్స్ ఆఫ్ గ్రాస్. నా క్లాసులో ఈ వరసలోనే చెబుతాను.

సుధ: స్మిత్ అడిగిందాంట్లో సగమే చెబుతున్నావు. అదే పేరా చివర్లో ఇంకో ప్రశ్న ఉంది: యూరప్‌లో ఏ పాత నిరంకుశ ప్రభుత్వం కింద ప్రతి ఆరో మనిషీ బానిసగా ఉన్నాడు, అని. మొదటి ప్రశ్న అందరూ ఎత్తుతారు, ఇది మాత్రం వదిలేస్తారు, నాకు ఒళ్లు మండేది అక్కడే. రెండిటికీ కలిపి జవాబు చెప్పిన పుస్తకం 1845లోనే వచ్చింది, బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ ఆత్మకథ. నీ వరసలో అది లేదు.

రవి: డగ్లస్ గొప్పవాడే, కాదనను. కానీ అది ఉద్యమం కోసం రాసింది, బోస్టన్‌లో బానిసత్వ వ్యతిరేక సంఘం వాళ్లే అచ్చేశారు, ముందుమాట ఆ ఉద్యమ నాయకుడు గారిసన్‌ది. పైగా ఆయన చదివి నేర్చుకున్నది కొలంబియన్ ఒరేటర్ అనే స్కూలు పుస్తకంలోని ఉపన్యాసాలు, బ్రిటిష్ పార్లమెంటు ప్రసంగాలతో సహా. కొత్త గొంతంటే విట్మన్‌ది. లీవ్స్ ఆఫ్ గ్రాస్ మొదటి ముద్రణ టైటిల్ పేజీ మీద కవి పేరే లేదు, పక్కన బొమ్మలో కాలరు గుండీ పెట్టుకోని చొక్కాతో, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డ మనిషి.

సుధ: సరే, గొంతు గురించే మాట్లాడదాం. డగ్లస్‌కి చిన్నప్పుడు చలికాలంలో చెప్పుల్లేవు, దుప్పటి లేదు, మొక్కజొన్న మోసే గోనెసంచీ ఒకటి దొంగతనంగా తెచ్చుకుని తల లోపలా కాళ్లు బయటా పెట్టి చెమ్మనేల మీద పడుకునేవాడు. ఆ మంచుకి నా పాదాలు ఎంతలా పగిలాయంటే, ఇప్పుడు రాస్తున్న ఈ కలం ఆ పగుళ్లలో పట్టేస్తుంది, అంటాడు. ఏ పార్లమెంటు ప్రసంగంలో నేర్చుకున్నాడు ఈ వాక్యం? రాయడం నేర్చుకోవడమే నేరంగా చూసిన చోట నుంచి వచ్చిన మనిషి తప్ప, గాయాన్నీ కలాన్నీ అలా పక్కపక్కన పెట్టి ఇంకెవరు రాయగలరు? ఉద్యమం కోసం రాస్తే సాహిత్యం కాదన్న రూలు ఎవరు పెట్టారు?

రవి: రూలు కాదులే. కానీ మెల్విల్ లాంటివాళ్ల కష్టం కూడా చూడాలి కదా. 1790 చట్టం అమెరికా పౌరులకీ అక్కడ ఉండేవాళ్లకీ మాత్రమే కాపీరైట్ ఇచ్చింది, 1891 దాకా విదేశీ రచయితలకి రక్షణే లేదు. ఇంగ్లండు నవలాకారుడు డికెన్స్‌ని పైసా ఇవ్వకుండా అచ్చేసుకునే పబ్లిషర్, సొంత దేశపు రచయితకి డబ్బులు ఎందుకిస్తాడు? 1842లో డికెన్స్ అక్కడికి వెళ్లి మొత్తుకున్నది కూడా ఇందుకే. అలాంటి మార్కెట్లో మోబీ డిక్ రాయడం మాటలా?

సుధ: కాదు, ఒప్పుకుంటాను. అయితే డగ్లస్‌కి పోయేది డబ్బు కాదు, ప్రాణం. తన యజమాని పేరూ ఊరూ అన్నీ పుస్తకంలో రాశాడు, పట్టుకుపోతారన్న భయంతో అదే ఏడాది బ్రిటన్‌కి ఓడెక్కాల్సి వచ్చింది. డబ్లిన్‌లో ఆ పుస్తకం మళ్లీ అచ్చయింది, అక్కడి జనం చదివారు, విన్నారు, 1846లో బ్రిటన్‌లోని అభిమానులు చందాలు వేసి ఆయన్ని బానిసత్వం నుంచి విడిపించారు. అమెరికా పుస్తకం ఎవరు చదువుతారన్న స్మిత్ దేశమే చదివింది. స్మిత్ మాత్రం 1845 ఫిబ్రవరిలోనే పోయాడు.

రవి: అయితే ఎమర్సన్‌ని తీసేయమంటావా?

సుధ: తీసేయమని ఎవరన్నారు? ఎమర్సన్ పాఠం అవగానే డగ్లస్ చెప్పు. ఆ తర్వాతే విట్మన్.