సోఫా గారి కళాభిరుచి

విజయవాడలో కళావిమర్శకులు లేరని ఎవరైనా అంటే నమ్మకండి. ప్రతి ఫ్లాటు హాల్లోనూ గోడకు వీపు ఆనించి కూర్చునే ఉన్నారు. ముగ్గురు పట్టే పెద్ద సోఫా గారు, అటూ ఇటూ ఒక్కొక్కరు పట్టే చిన్న సోఫా గార్లు. వెరసి త్రిసభ్య ధర్మాసనం. వారు నోరు విప్పరు గానీ వారి తీర్పు మీద అప్పీలు లేదు. బొమ్మ ఎంత గొప్పదైనా కుషన్ రంగుతో కలవకపోతే కొట్టివేతే.

మట్టి, ఇసుక, గోనెపట్టా, కొబ్బరి పీచు కాన్వాసు మీద పొరలు పొరలుగా ఎక్కించి వేసే నైరూప్య చిత్రాలంటే ఈ ధర్మాసనానికి ప్రత్యేకమైన ప్రీతి. వాటిలో దేవుడు లేడు కాబట్టి అటు కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. మనిషి లేడు కాబట్టి ఎవరి ఫోటో అని చుట్టాలు ఆరా తీయరు. ఇక మిగిలింది రంగు. రంగంటే మ్యాచింగ్.

ఇటలీలో ఆల్బెర్టో బుర్రి అనే సైనిక డాక్టరు ఉండేవాడు. 1943లో ట్యునీషియాలో పట్టుబడ్డాడు. అమెరికాలోని టెక్సస్ యుద్ధఖైదీల శిబిరంలో దొరికిన గోనెపట్టాల మీద బొమ్మలు వేయడం మొదలుపెట్టి, తరువాత చిరుగులు, అతుకులు ఉన్న గోనెసంచులనే చిత్రాలుగా చేసి ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. ఆ శిబిరంలో సోఫా లేకపోవడం ఆధునిక చిత్రకళకు జరిగిన మహోపకారం. మన గుడివాడలో పుట్టిన ఎస్.వి.రామారావు లండన్ వెళ్లి నైరూప్య చిత్రకారుడిగా పేరు తెచ్చుకున్నారు. 2001లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. ఇచ్చేముందు ఏ సోఫానూ సంప్రదించినట్టు లేదు. అప్పట్లో పద్ధతులు అలా ఉండేవి.

ఈమధ్య మొగల్రాజపురంలో ఒక చిత్రకారుడు ఇలాంటి మట్టి బొమ్మచిత్రాల ప్రదర్శన పెట్టారు. ధర్మాసనం తరఫున ప్రతినిధి బృందం వచ్చింది: భార్యాభర్తలు, వాస్తు సిద్ధాంతి, ఇంటీరియర్ డిజైనరు, వీడియో కాల్‌లో డాలస్ అల్లుడు. ఆమె సంచిలోంచి కుషన్ కవరు తీసి, ఒక్కో చిత్రం పక్కన పట్టుకుని, ఒక కన్ను మూసి చూస్తూ ముందుకు సాగారు. ఎర్రటి చిత్రం దగ్గర ఆగారు.

“ఇది గుంటూరు కారమేనా అండీ?”

“కాదమ్మా, జేగురు. కారం ఎరుపు వెలుతురుకు నిలవదు, పసుపూ అంతే. జేగురులో ఉన్నది ఇనుము కాబట్టి తరాలు గడిచినా వెలవదు. ఈ గరుకుగా తగిలేవి మాత్రం మిర్చి తొడిమలు. యార్డు నుంచి తెచ్చుకున్నాను.”

ఆమె ముఖం చిన్నబోయింది. “కారమైతే చుట్టాలకు చెప్పుకోవడానికి బాగుండేది.”

సిద్ధాంతి గారు ముందుకొచ్చారు. “ఇందులో మట్టి ఎంత ఉంటుంది?”

“రెండు కిలోలు ఉండవచ్చండీ.”

“నైరుతికి చాలదు. ఈశాన్యానికి ఎక్కువ.” ఆ మాటతో ఆ చిత్రానికి ఇహంలో చోటు లేకుండా పోయింది.

తరువాతిది నల్లరేగడి. భర్త గారు వంగి చూసి, “ఇది పగిలిందే!” అన్నారు, దొంగ దొరికినట్టు. చిత్రకారుడు ఓపికగా చెప్పారు: రేగడి ఆరితే నెర్రెలు విచ్చుతుంది. ఎంత విచ్చాలో చూసుకుని చింతగింజల పిండి జిగురు మోతాదు పెంచడం, తగ్గించడం చేస్తారు. కొండపల్లి బొమ్మలవాళ్లు రంపపు పొట్టుతో కలిపి బొమ్మల చేతులు, కాళ్లు అతికేది ఆ పిండితోనే. పొర ఆరనిదే మరో పొర వేయకూడదు. ముసురు పడితే పని ఆగిపోతుంది. అంతా విన్నాక భర్త గారు అడిగిన ప్రశ్న ఒక్కటే.

“పగిలినదానికి తగ్గిస్తారా?”

ఫోనులోంచి అల్లుడు, “మామయ్య గారూ, చదరపు అడుగు ఎంత చెబుతున్నారు?”

తడిగుడ్డతో తుడవవచ్చా అన్నది ఆ తరువాతి చర్చ. కూడదని తేలాక, మరి దుమ్ము పడితే ఎలా అన్నది మరో చర్చ. మట్టి కొనడానికి వచ్చినవారికి దుమ్ము గురించి అంత దిగులు ఉంటుందని నాకు తెలియదు.

చివరి గోడకు నిలువెత్తు చిత్రం ఒకటి ఉంది. పైన వెలిసిన సున్నపు తెలుపు. కింద పొలుసులు లేచిన బూడిదరంగు ఒండ్రు. రెండింటి మధ్య అడ్డంగా ఒకే ఒక గీత. ఆమె కుషన్ పక్కన పెట్టారు. కలిసింది! బృందం మొత్తం ఊపిరి పీల్చుకుంది. డిజైనరు టేపు తీశాడు. భర్త గారు, రాలుతుందేమో చూద్దామని, గీత దగ్గర గోటితో గీకారు. రవ్వంత పెచ్చు ఊడింది. గోటి సందులో ఇరుక్కున్న మట్టిని టిష్యూతో తుడుచుకున్నారు.

డిజైనరు తేల్చాడు: “పైన తెలుపు ఎక్కువుంటే హాలు పెద్దదిగా కనిపిస్తుంది. ఆర్టిస్టు గారూ, ఈ గీతను ఒక జానెడు కిందికి దించగలరా?”

దించాలట! అయ్యా, 2024 సెప్టెంబరులో ఆ గీతను దించమని సింగ్‌నగర్ అంతా మేడలెక్కి మొక్కుకుంది. దిగలేదు. రోజుల తరబడి దిగలేదు. బుడమేరు వాగు వరద ఆ చిత్రకారుడి ఇంట్లో నిలబడిన ఎత్తు అది. కొలిచి గీశారు. ఆ ఒండ్రు ఆయన తన గోడ మీది నుంచి గీకి దాచుకున్నది. పాలపొట్లం కోసం పడవ ఎప్పుడొస్తుందా అని జనం ఎదురుచూసినప్పుడు, పీకల్లోతు నీళ్లలో పసిపిల్లలను నెత్తిన పెట్టుకుని నడిచినప్పుడు, ఆ రంగు పేరు ఎవరూ అడగలేదు. వాగు దారిలో టిప్పర్ల కొద్దీ మట్టి పోసి, చదును చేసి, హద్దు రాళ్లు పాతి అమ్ముకున్నవాళ్లు ఇవాళ ఏ రంగు సోఫాల మీద కూర్చున్నారో వెళ్లి చూడండి. అప్పుడు ఆ మట్టి వాళ్లకు గజాల లెక్క. రెండు కిలోలు కాన్వాసు ఎక్కేసరికి అదే మట్టి “మౌస్ గ్రే” అయి కూర్చుంది. పైగా ఒక జానెడు దించాలి. సిగ్గుండాలి!

చిత్రకారుడు మాత్రం, “దించడం కుదరదండీ” అని ఊరుకున్నారు. నాకున్నంత కోపం ఆయనకు లేదు, లేదా నాకన్నా ఆయనకు మర్యాద ఎక్కువ.

ఆమె కుషన్ కవరు మడిచి సంచిలో పెట్టుకున్నారు. డిజైనరు మాత్రం దిగులుపడలేదు. ఫోను తీసి ఆ చిత్రాన్ని ఎదురుగా ఒకటి, పక్కనుంచి రెండు ఫోటోలు తీసుకున్నాడు.

“దీనికి ఇంత ఎందుకు మేడమ్? మన పెయింటరు చేత గోడంతా టెక్స్చర్ వేయిస్తాను. గీత మీరు ఎక్కడ పెట్టమంటే అక్కడే పెడతాడు. పుట్టీ ఒక్కటి అదనం.”

“తడిగుడ్డ పెట్టవచ్చా?” అన్నారు భర్త గారు.

“కడుక్కోవచ్చు సార్. వాటర్‌ప్రూఫ్. నీళ్లు ఎన్ని రోజులు నిలిచినా మరక పడదు.”